మారథాన్‌కి 25 రోజులుంది, కాలి ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (సన్న పగులు) అన్నారు.. గోల్ మార్చుకోవాలా, మొత్తానికే వదిలేయాలా?

సబ్‌ఫోర్_ఎప్పుడో:

అందరికీ హాయ్. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి పోవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాయక తప్పట్లేదు. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

నాకు 36. పరుగు మొదలుపెట్టి మూడేళ్ళు. రెండు హాఫ్ మారథాన్‌లు (21 కిలోమీటర్లు) చేశా, పోయినేడాది మొదటి ఫుల్ (42 కిలోమీటర్ల పైచిలుకు) 4 గంటల 19 నిమిషాల్లో అయింది. ఈసారి ఎలాగైనా నాలుగు గంటల లోపు రావాలని 16 వారాల ప్లాన్ పెట్టుకున్నా. అంటే కిలోమీటరుకి 5 నిమిషాల 41 సెకన్ల పేస్ (వేగం), 5:41. ఆ నంబర్ పిచ్చి ఎంత పట్టిందంటే ఫోన్ లాక్ కూడా దాంతోనే పెట్టుకున్నా (ఇప్పుడు మార్చేశాలెండి, ట్రై చేయకండి). మొదటి ఎనిమిది వారాలు గాల్లో తేలినట్టుంది. వారానికి 35 కిలోమీటర్లు ఉండేవాడిని 58కి వెళ్ళిపోయా, అది చాలదన్నట్టు మంగళవారం ఇంటర్వల్స్ (ఆగి ఆగి వేగంగా), గురువారం టెంపో (ఆగకుండా వేగంగా) కూడా తగిలించా, ఎందుకంటే బాగుంది కాబట్టి, బాగున్నప్పుడు ఎవడు ఆగుతాడు చెప్పండి.

తొమ్మిదో వారంలో ఎడమ కాలు, మోకాలికీ చీలమండకీ మధ్యన, ముందు ఎముక లోపలి అంచు దగ్గర సన్నగా నొప్పి మొదలైంది. షిన్ స్ప్లింట్స్ (ఎముక అంచు వెంట వచ్చే నొప్పి, పగులు కాదు) అయ్యుంటుందని ఐస్ పెట్టా. పరుగు మొదలెట్టిన రెండు కిలోమీటర్లకి సర్దుకునేది కాబట్టి పట్టించుకోలేదు. పదో వారంలో సర్దుకోవడం మానేసింది. పదకొండో వారం ఆదివారం 28 కిలోమీటర్ల లాంగ్ రన్. పొద్దున మంచం దిగి కాలు కింద మోపగానే తెలిసిపోయింది ఇవాళ వద్దని. అయినా వెళ్ళా, పెయిన్‌కిల్లర్ వేసుకుని మరీ వెళ్ళా. 28 పూర్తి చేశా, స్క్రీన్‌షాట్ గ్రూప్‌లో పెట్టా, నలభై లైకులొచ్చాయి. ఆ సాయంత్రం మేడ మెట్లు వెనక్కి తిరిగి రెయిలింగ్ పట్టుకుని ఒక్కొక్కటే దిగాల్సొచ్చింది, మామూలుగా దిగితే ప్రాణం పోతోంది.

ముందు ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదన్నారు. సంబరపడ్డా. వారం గడిచినా తగ్గకపోతే ఎంఆర్ఐ తీశారు, టిబియాలో (మోకాలి కింది ముందు ఎముక) స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు మాటే ఎత్తొద్దన్నారు. రేసుకి ఇవాళ్టికి సరిగ్గా 25 రోజులు.

అడగాలనుకున్నవి మూడు. ఈ 25 రోజులూ కాలికి పూర్తి రెస్ట్ ఇచ్చి, రేసు రోజు నెమ్మదిగా, సగం నడుస్తూ అయినా పూర్తి చేయొచ్చా? పోనీ హాఫ్‌కి మార్పించుకోనా? మూడోది ప్రశ్నో కాదో నాకే తెలీదు. రోజూ తెల్లవారుజామున ఐదింటికి అలారం లేకుండానే మెలకువ వచ్చేస్తోంది, లేచి ఏం చేయాలో తెలీదు, ఫోన్ తీసి గ్రూప్‌లో ఎవరు ఎంత పరిగెత్తారో చూస్తా, వాళ్ళ మీద కోపమొస్తుంది, వాళ్ళేం తప్పు చేశారని అనుకుంటే నా మీద ఇంకా కోపమొస్తుంది. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నా నాలుగు గంటల లోపు కొడతానని. ఇప్పుడు లిఫ్ట్‌లో ఎవరైనా కనిపిస్తే "ప్రాక్టీస్ ఎలా ఉంది" అంటారేమోనని మెట్లెక్కుదామనుకుంటా, మెట్లు ఎక్కలేను.

చివరి_బస్సు:

బ్రో నీ మొదటి ప్రశ్నకి జవాబు వద్దు. రెండోదానికీ వద్దు. మూడోదానికి గ్రూప్ మ్యూట్ చెయ్. డాక్టర్ చెప్పింది పరుగు మానమని, నువ్వడిగేది "తక్కువ పరుగు పరవాలేదా" అని, రెండూ ఒకటి కాదు.

ఫిజియో_అక్క:

పై తమ్ముడు మొహమాటం లేకుండా చెప్పాడు, నేనూ అదే చెప్తా, కాకపోతే ఎందుకో కూడా చెప్తా. ఫిజియోథెరపీ నా వృత్తి, మధ్య దూరాలు పరిగెత్తిన దాన్ని కూడా. నీ స్కాన్ చూసిన డాక్టర్ మాటే ఫైనల్, నాది మామూలు అవగాహన కోసం.

ఎముక రాయి కాదు, రోజూ కొంచెం కూలుతూ కొంచెం కట్టుకుంటూ ఉండే గోడ లాంటిది. కొత్తగా బరువు పడితే ముందు పాత భాగాన్ని తొలిచేస్తుంది, తర్వాత కొత్తది నింపుతుంది. తొలిచే పని మూడు వారాల్లో అయిపోతుంది, నింపడానికి దాదాపు మూడు నెలలు. అంటే నువ్వు ట్రైనింగ్ పెంచిన నెలా రెండు నెలల్లో ఎముక బలపడే దారిలో ఉంటూనే తాత్కాలికంగా బలహీనంగా ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులేమో నాలుగు వారాలకే "పద పద" అంటాయి. నీకు ఎనిమిది వారాలు గాల్లో తేలినట్టు ఉండి తొమ్మిదో వారంలో నొప్పి రావడం అందుకే, దురదృష్టమేమీ కాదు. దూరం, వేగం రెండూ ఒకేసారి పెంచావు. ఒకటి పెంచేటప్పుడు రెండోదాన్ని కదపకూడదు.

ఎక్స్‌రే గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఇక్కడ చాలామంది దాన్ని చూసుకుని మళ్ళీ పరుగుకి వెళ్ళిపోతారు. మొదటి రెండు మూడు వారాల్లో స్ట్రెస్ ఫ్రాక్చర్ ఎక్స్‌రేలో కనపడకపోవడం మామూలే. షిన్ స్ప్లింట్స్ అయితే నొప్పి ఎముక అంచు పొడవునా జానెడు మేర పరుచుకుని ఉంటుంది. ఫ్రాక్చర్ అయితే ఒక్క వేలితో "ఇదిగో ఇక్కడే" అని చూపించగలరు, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంది, ఆ కాలి మీద ఒక్కసారి ఎగిరితే కళ్ళు తిరుగుతాయి. ఇది చదివి ఎవరూ ఎగిరి చూసుకోకండి, అనుమానముంటే వెళ్ళి చూపించుకోండి.

ఇంకో ముఖ్యమైన తేడా. కండరం, టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే పట్టీ) నొప్పి అయితే పదికి రెండు మూడు మార్కుల నొప్పితో మెల్లగా పని చేయించినా మేం ఒప్పుకుంటాం. ఎముక నొప్పికి పాస్ మార్కు సున్నా. ఒకటి కూడా కుదరదు. పెయిన్‌కిల్లర్ వేసుకుని పరిగెత్తడమంటే ఫైర్ అలారం బ్యాటరీ పీకేసి వంట చేయడం.

ఇప్పుడు ఏం చేయొచ్చంటే, నడకకి కూడా నొప్పి ఉంటే ముందు నడక తగ్గించు, కర్రో బూటో ఇస్తే సిగ్గుపడకుండా వాడు. నొప్పి లేకుండా నడవగలిగాక, నీ డాక్టర్ సరే అంటే, లోతు నీళ్ళలో బెల్ట్ కట్టుకుని పరుగు. కాలు అడుగుకి తగలకూడదు, నేల మీద పరిగెత్తినట్టే మోకాళ్ళు ఆడాలి. బోరు కొడుతుంది, నిజంగానే కొడుతుంది, అందుకని ఒక నిమిషం గట్టిగా ఒక నిమిషం నెమ్మదిగా అని ముక్కలు చేసుకో. నీళ్ళలో గుండె వేగం నేల మీద కన్నా తక్కువే చూపిస్తుంది, వాచ్ చూసి నేనేమీ చేయట్లేదని కంగారు పడకు, ఆయాసాన్ని బట్టి వెళ్ళు. సైకిల్ కూడా నొప్పి లేకపోతేనే.

చివరగా, సరిపడా తింటున్నావా? బరువు తగ్గితే పేస్ పెరుగుతుందని తిండి తగ్గించి మైలేజ్ పెంచేవాళ్ళకి ఎముకలు ముందు దెబ్బతింటాయి. ఆడవాళ్ళకైతే పీరియడ్స్ ఆగిపోవడం దానికి పెద్ద గుర్తు, మగవాళ్ళకి అంత స్పష్టమైన గుర్తు ఉండదు గానీ ఎముక మీద దెబ్బ వాళ్ళకీ ఉంటుంది. విటమిన్ డి కూడా ఒకసారి చూపించుకో.

సబ్‌ఫోర్_ఎప్పుడో:

థాంక్స్ అక్కా, తిండి మాట సరిగ్గా పట్టుకున్నారు, మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గా, అది చూసి మురిసిపోయా కూడా.

కానీ ఒకటి అడగనా, వాదన అనుకోకండి. ఇథియోపియా రన్నర్ అబెబే బికిలా 1964లో అపెండిక్స్ ఆపరేషన్ అయిన నెల పైచిలుకు రోజులకే టోక్యోలో మారథాన్ పరిగెత్తి గెలిచాడు కదా, అదీ ప్రపంచ రికార్డుతో. అమెరికా రన్నర్ జోన్ బెనాయిట్ 1984లో మోకాలి ఆపరేషన్ అయిన 17 రోజులకి అమెరికా ఒలింపిక్ ట్రయల్స్ గెలిచింది, ఆ ఆగస్టులో ఒలింపిక్ గోల్డ్ కూడా కొట్టింది. నిన్న రాత్రంతా ఇవే చదువుతూ కూర్చున్నా. వాళ్ళతో నాకు పోలికేంటి అంటారు, నిజమే, నేను గెలుస్తాననట్లేదు, ఆరు గంటల్లో పూర్తి చేస్తానంటున్నా.

నత్తనడక:

బాబూ, నాకు 58. పాతికేళ్ళుగా పరిగెత్తుతున్నా, గెలిచింది ఎప్పుడూ లేదు, పూర్తి చేయనివి మాత్రం నాలుగున్నాయి. కాబట్టి ఈ సబ్జెక్టులో నేను మంచి సీనియర్‌ని.

అర్ధరాత్రి గాయమైనవాడు వెతికితే ఇలాంటి కథలే దొరుకుతాయి, నాకూ దొరికాయి. బికిలా కథలో తర్వాతి పేజీ చదివావా? ఆపరేషన్ చేసి తీసేసిన అపెండిక్స్ మీద ఎవరూ పరిగెత్తరు, ఎముక మీదే పరిగెత్తాలి. అదే బికిలా 1968 మెక్సికో సిటీకి కాలి ఎముకలో ఫ్రాక్చర్‌తో వెళ్ళాడు, రెండుసార్లు ఒలింపిక్ మారథాన్ గెలిచిన మనిషి, 17 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాడు. గెలిచింది వాళ్ళ దేశం వాడే, మామో వోల్డే. అంటే నీకున్న గాయంలాంటి దానితో లైన్ మీద నిలబడ్డప్పుడు బికిలా అంతటివాడు కూడా పూర్తి చేయలేకపోయాడు. బెనాయిట్‌ది మోకాలి లోపల అడ్డుపడ్డదాన్ని సన్న గొట్టం పెట్టి తీసేసిన పని, తీసేశాక అడ్డు పోయింది. నీకు తీసేయడానికేం లేదు, కట్టుకోవాలి.

ఇంకొకరి సంగతి చెప్తా. బ్రిటన్ రన్నర్ పాలా రాడ్‌క్లిఫ్. 2003లో లండన్ మారథాన్ 2:15:25లో పరిగెత్తింది, ఆ మహిళల ప్రపంచ రికార్డు 16 ఏళ్ళు నిలిచింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కి కాలి గాయంతోనే వెళ్ళింది, 36 కిలోమీటర్ల దగ్గర ఆగి రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చింది, ప్రపంచమంతా టీవీలో చూసింది. అంతటితో ఆగిందా? ఐదు రోజులకే మళ్ళీ 10,000 మీటర్లలో దిగింది, అదీ పూర్తి చేయలేదు. ఆ రెండోది నాకు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే నేనూ అదే చేశా. అవమానం పచ్చిగా ఉన్నప్పుడు దాన్ని వెంటనే తుడిచేసుకోవాలని ఇంకో రేసు కొంటాం. ఆ నవంబర్లో ఆవిడ న్యూయార్క్ మారథాన్ గెలిచింది, మరుసటేడాది హెల్సింకీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. రెండున్నర నెలలు ఆగిన తర్వాత జరిగినవి అవి, ఐదు రోజుల తర్వాత కాదు.

నీ రెండో ప్రశ్న "హాఫ్‌కి మార్చుకోనా" అనేది గోల్ మార్చుకోవడం కాదు, అదే గోల్‌కి డిస్కౌంట్ అడగడం. ఎముకకి 21 కిలోమీటర్లు సగం నొప్పి కాదు. నా సలహా ఏంటంటే ఇప్పుడసలు కొత్త గోల్ పెట్టుకోకు. కోపంలో ఉత్తరం రాయకూడదంటారే, గాయం పచ్చిగా ఉన్నప్పుడు రేసు రిజిస్ట్రేషన్ కూడా చేయకూడదు. నేను రెండువేలు దాకా కిలోమీటర్లు కోపంతోనే పరిగెత్తా, దాంట్లో ఒక్కటీ గుర్తులేదు, ఫిజియో దగ్గర కూర్చున్న బల్ల మాత్రం గుర్తుంది.

ఐదు_కిలోమీటర్ల_రాణి:

నత్తనడక గారూ, మీరంటే గౌరవమే గానీ "ఇప్పుడు గోల్ పెట్టుకోకు" అన్నదానితో నేను ఏకీభవించను. గోల్ లేకుండా ఖాళీగా కూర్చోమంటే కొందరికి ఊపిరాడదు, ఆయన ఐదింటికి లేచి ఏం చేయాలో తెలీట్లేదని రాశారు కదా. గోల్ ఉండాలి, కాకపోతే అది రేసు అయ్యుండకూడదు.

నాది ఎముక గాయం కాదు. రెండేళ్ళ క్రితం ఏ కారణం లేకుండా నెమ్మదించడం మొదలైంది. కిలోమీటరుకి 6:10లో హాయిగా పోయే ఈజీ రన్ 6:40 అయినా ఆయాసం, మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకునేది. బద్ధకం అనుకుని ఇంకా గట్టిగా చేశా, కోచ్ కూడా మనసు పెట్టట్లేదన్నాడు. నాలుగు నెలలు అలా పోయాక బ్లడ్ టెస్ట్ చేయిస్తే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే లెక్క) 9, బాగా తక్కువ. హిమోగ్లోబిన్ బోర్డర్లో ఉంది కాబట్టి అంతకుముందు ఎవరూ పట్టించుకోలేదు. ఐరన్ మొదలుపెట్టినా నిల్వలు నిండటానికి నెలలు పడుతుందన్నారు.

అప్పుడు నేను చేసిన తప్పు, ప్రతి నెలా ఒక కొత్త రేసు డేట్ పెట్టుకోవడం. మూడుసార్లు డేట్ జరిపా. జరిపిన ప్రతిసారీ మళ్ళీ ఓడిపోయినట్టే. ఆఖరికి మారథాన్ అనే మాట ఏడాది పాటు ఇంట్లో నిషేధం అని మా ఆయన, నేను ఒప్పందం రాసుకున్నాం, ఫ్రిజ్ మీద అంటించాం. దాని బదులు పెట్టుకున్న గోల్ ఏంటంటే వారానికి నాలుగు రోజులు, రోజుకి అరగంట, నోటితో మాట్లాడగలిగే వేగంలో. వాచ్‌కి పేస్ కనపడే స్క్రీన్ తీసేశా, టైమ్ ఒక్కటే. మొదటి రెండు వారాలు చేతి మీద దురదలా ఉండేది, మణికట్టు తిప్పి చూడటం, అక్కడ ఏమీ ఉండకపోవడం. తర్వాత పోయింది. ఎనిమిది నెలలకి ఒక 5 కిలోమీటర్లు పరిగెత్తా, నా పాత టైమ్ కన్నా 40 సెకన్లు వెనక, ఏడుపు మాత్రం రాలేదు. అప్పట్నుంచి 5 కిలోమీటర్లే నా దూరం. ఫుల్ మళ్ళీ చేస్తానో లేదో తెలీదు, చేయాలని కూడా లేదు ఇప్పుడైతే.

వెనక్కి రావడం గురించి ఎవరిదైనా కథ చదవాలనుకుంటే ఇథియోపియా రన్నర్ డెరార్టు తులు గురించి చదవండి. 1992 బార్సిలోనాలో 10,000 మీటర్ల గోల్డ్, తర్వాత గాయాలు, 1998లో కూతురు పుట్టింది, 2000 సిడ్నీలో మళ్ళీ గోల్డ్. 37 ఏళ్ళ వయసులో 2009లో న్యూయార్క్ మారథాన్ గెలిచింది. ఆ రెండు గోల్డ్‌ల మధ్య ఎనిమిదేళ్ళున్నాయి. మనం ఎనిమిది వారాలకి గింజుకుంటున్నాం.

చివరి_బస్సు:

ఫ్రిజ్ మీద ఒప్పందం 😂 మా ఇంట్లో పెడితే మా ఆవిడ ఫ్రేమ్ కట్టిస్తుంది

నత్తనడక:

రాణి గారూ, మీరన్నది నిజమే, నేను రేసు గోల్ గురించే అన్నా, సరిగ్గా రాయలేదు. మీ అరగంట లెక్క బాగుంది. తేడా ఏంటంటే పాత గోల్ గడియారం చేతిలో ఉంది, కొత్త గోల్ మన చేతిలో ఉంది. 5:41 రావాలంటే వాతావరణం, కాలు, పడుకున్న నిద్ర అన్నీ కలిసిరావాలి. అరగంట నీళ్ళలో దిగి రావడానికి నువ్వు వెళ్తే చాలు.

కెన్యా రన్నర్ కిప్చోగే గురించి అందరికీ 2022 బెర్లిన్ మారథాన్‌లో కొట్టిన 2:01:09 తెలుసు. 2003లో 5,000 మీటర్లలో ప్రపంచ ఛాంపియన్ అయినవాడు, 2012 లండన్ ఒలింపిక్స్‌కి కెన్యా ట్రాక్ జట్టులో చోటే దొరకలేదు. ట్రాక్ మీద తలుపు మూసుకుపోయాక 2013లో మారథాన్‌కి వచ్చాడు. రియో, టోక్యో ఒలింపిక్స్‌లో మారథాన్ గోల్డ్. మళ్ళీ 2024 పారిస్‌లో 30 కిలోమీటర్లు దాటాక ఆగిపోయాడు, డీఎన్ఎఫ్ (పూర్తి చేయలేదని రాసే గుర్తు). నాకైతే ఆ రోజే ఎక్కువ నచ్చాడు, సరే, అది నా ఒక్కడి అభిమానంలెండి.

ముప్ఫైఐదో_కిలోమీటర్:

లేటుగా వచ్చా. కాలు, ఎముక, గోల్ అన్నీ చెప్పేశారు, నేను రేసు రోజు గురించి చెప్తా, ఎందుకంటే ఆ రోజు ఇంట్లో కూర్చుంటే నరకం, నాకు తెలుసు. చివరి_బస్సు బ్రో గ్రూప్ మ్యూట్ చెయ్ అన్నాడు, మామూలు రోజుల్లో చెయ్, ఆ ఒక్కరోజు మాత్రం ఇంట్లో ఉండకు.

పోయినేడాది నా అకిలీస్ టెండన్ (మడమ వెనక పట్టీ) దెబ్బతింది, అప్పుడు పేరిచ్చిన రేసులోనే వాటర్ స్టాప్‌లో వాలంటీర్‌గా నిలబడ్డా, 35 కిలోమీటర్ల దగ్గర. నా ఐడీ పేరు అక్కడి నుంచే. వెళ్ళేముందు రెండుసార్లు వెనక్కి తిరిగిపోదామనుకున్నా. గ్లాసులు ఎలా పట్టుకోవాలో నేర్పారు, గుప్పిట్లో పట్టుకోకూడదు, అరచేతిలో నిలబెట్టి చేయి చాపి ఉంచాలి, వచ్చేవాడు పైనుంచి లాక్కుపోతాడు, సగం నీళ్ళు నీ చొక్కా మీద, సగం వాడి ముక్కులోకి. సగమే నింపాలి గ్లాసు, నిండా పోస్తే ఎవడూ తాగలేడు. మూడు గంటల వాళ్ళు మన మొహం కూడా చూడరు. నాలుగు గంటల వాళ్ళు థాంక్స్ అంటారు. ఐదు గంటలు దాటినవాళ్ళు ఆగి నిలబడి రెండు గ్లాసులు తాగి "ఇంకెంతుంది" అని అడుగుతారు. ఏడు అనాలి, "దగ్గరే" అనకూడదు, వాళ్ళకి ఒళ్ళు మండిపోతుంది, నేను ఒకాయనతో అని తిట్టించుకున్నా.

ఒకావిడ, అరవై దాటి ఉంటాయి, నీళ్ళు తీసుకోలేదు, నా భుజం పట్టుకుని షూలో రాయి తీసుకుంది. లేసు మళ్ళీ కట్టుకోవడానికి వంగలేకపోయింది. నేను కింద కూర్చుని కట్టా. గట్టిగా కట్టు, మళ్ళీ వంగలేను అంది, డబుల్ ముడి వేశా. అంతే, వెళ్ళిపోయింది. ఫినిష్ చేసిందో లేదో తెలీదు. ఆ రోజు మధ్యాహ్నానికి నా పాదాలు వాచిపోయాయి నిలబడి నిలబడి, మారథాన్ చేసినంత అలిసిపోయా, నా రేసు పోయిందన్న సంగతి పొద్దున తొమ్మిది తర్వాత మళ్ళీ గుర్తురాలేదు.

నీ కాలికి అంతసేపు నిలబడటం కుదురుతుందో లేదో ఫిజియో అక్కని అడుగు. కుదరకపోతే బిబ్‌లు (చొక్కాకి పెట్టుకునే నంబర్ కాగితాలు) ఇచ్చే టేబుల్ దగ్గర కుర్చీ వేస్తారు, అక్కడ అడుగు.

ఫిజియో_అక్క:

కుర్చీ. నిలబడే పని వద్దు. 25 రోజులకి నడకకి నొప్పి లేకుండా ఉండొచ్చు, ఐదారు గంటలు నిలబడటం వేరు.

సబ్‌ఫోర్_ఎప్పుడో:

అందరి జవాబులూ రెండేసి సార్లు చదివా. బికిలా తర్వాతి పేజీ నిజంగానే చదవలేదు నత్తనడక గారూ, చదవాలనుకోలేదేమో.

నిన్న ఆర్గనైజర్లకి మెయిల్ పెట్టా రావట్లేదని. సెండ్ నొక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆఫీసులో కూడా చెప్పేశా, లిఫ్ట్‌లోనే, అడక్కముందే చెప్పా. "అయ్యో, సరేలే" అని వాళ్ళ ఫ్లోర్ రాగానే దిగిపోయారు. మూడు వారాలు దీనికోసం భయపడ్డానా అనిపించింది. బిబ్ టేబుల్ దగ్గర కుర్చీకి పేరిచ్చా.

ఐదింటి సమస్య మాత్రం అలాగే ఉంది. ఇప్పటికి లేచి డాబా మీద కూర్చుంటున్నా, ఫోన్ కింద వదిలేసి.

ఒకటి మిగిలింది అక్కా. ఎనిమిది వారాలయ్యాక మొదలెట్టినప్పుడు ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి? సున్నాకి పడిపోయుంటానా?

ఫిజియో_అక్క:

పడిపోవు. పరుగు ఆపిన మొదటి పది పదిహేను రోజుల్లో ముందు తగ్గేది రక్తంలోని ప్లాస్మా పరిమాణం, అందుకే తిరిగొచ్చినప్పుడు చిన్న పరుగుకే గుండె దడదడలాడుతుంది, అంతా పోయిందని ఏడుస్తారు. అది వచ్చేటప్పుడు కూడా అంతే తొందరగా వస్తుంది. ఏళ్ళ తరబడి కట్టుకున్నది అంత తేలిగ్గా పోదు, నీళ్ళలో పని చేస్తూ ఉంటే ఇంకా నయం. నీ అసలు ప్రమాదం సున్నాకి పడిపోవడం కాదు, ఊపిరి ముందు తిరిగొచ్చేసి ఎముకని మళ్ళీ తొందరపెట్టడం.

మొదలెట్టే ముందు, అరగంట చురుగ్గా నడిస్తే ఆ రోజూ, మర్నాడు పొద్దునా నొప్పి ఉండకూడదు, వేలితో ఆ చోట నొక్కితే కూడా. అలా వారం రోజులు గడిచాక, డాక్టర్ ఊ అన్నాక, ఒక నిమిషం పరుగు రెండు నిమిషాల నడక, ఎనిమిది సార్లు. మధ్యలో ఒకరోజు ఖాళీ. వరసగా రెండు రోజులు పరుగు మొదటి నెలంతా వద్దు. ముందు నిమిషాలు పెంచు, వేగం చివర్లో, చాలా చివర్లో. మర్నాడు పొద్దున మంచం దిగగానే కాలు ఏం చెప్తుందో అది విను, ఈసారైనా.

సబ్‌ఫోర్_ఎప్పుడో: (తొమ్మిది వారాల తర్వాత)

ఈ థ్రెడ్ ఎవరికైనా గుర్తుందో లేదో.

రేసు రోజు బిబ్ టేబుల్ దగ్గర కూర్చున్నా. పిన్నులు పంచే పని. మనిషికి నాలుగు పిన్నులు, అందరూ ఆరడుగుతారు. నా కేటగిరీ వాళ్ళ లిస్టులో నా పేరు పక్కన గీత కొట్టి ఉంది, దాని మీద వేలు పెట్టుకుని వందమందికి బిబ్‌లిచ్చా. కొంచెం గొంతు పట్టేసింది, తర్వాత పని ఎక్కువై మర్చిపోయా. ముప్ఫైఐదో_కిలోమీటర్ బ్రో, అంత గొప్పగా ఏమీ అనిపించలేదు గానీ ఇంట్లో ఉండి ఉంటే మాత్రం చచ్చేవాణ్ణి.

నీళ్ళలో పరుగు మూడు వారాలు చేశా, అక్క చెప్పినంత బోరూ కొట్టింది. తగ్గిన నాలుగు కిలోల్లో మూడు తిరిగొచ్చాయి. విటమిన్ డి బాగా తక్కువుంది, మందు వాడుతున్నా. రాణి గారి లెక్కలో వాచ్ స్క్రీన్ మీద పేస్ తీసేశా.

ఇవాళ పొద్దున మొదటిసారి. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిది సార్లు. మొదటి నిమిషంలో కాలు నాది కాదన్నట్టు పడింది, చెవులు రిక్కించి ఎముక వింటున్నా. మూడోసారికి చేతులు వాటంతటవే ఊగాయి. పక్కనుంచి ఒకాయన కుక్కని నడిపించుకుంటూ నన్ను దాటిపోయాడు, అదీ నేను పరిగెత్తే నిమిషంలోనే. అయిపోయాక వాచ్ సేవ్ చేయాలా డిలీట్ చేయాలా అని అడిగింది. సేవ్ చేశా, గ్రూప్‌లో మాత్రం పెట్టలేదు.

ఇప్పటికైతే నొప్పి లేదు. వచ్చే ఏడాది ఏ రేసు అని అడక్కండి, చూడలేదు.

చివరి_బస్సు:

కుక్కకి పీబీ (పర్సనల్ బెస్ట్) అయ్యుంటుంది బ్రో ❤️

ఫిజియో_అక్క:

రేపు పొద్దున మంచం దిగాక నొక్కి చూసి రాయి. రేపు పరుగు లేదు, గుర్తుందిగా.